సముద్రములో నడిచే నదులు

కోవిల్‌పట్టి, విరుదునగరం వాసులమైన మనకు సముద్రము తూత్తుకుడి వెళ్లినప్పుడే కంటబడుతుంది. ఆ నీరు నిలిచియుండదు. కాలము చూచి దారి మార్చుతుంది. నైరుతి ఋతుపవనము వీచే నెలలలో శ్రీలంకకు దక్షిణముగా తూర్పునకు, ఈశాన్య ఋతుపవనములో పడమరకు పారుతుంది. ఇంత పెద్ద యెత్తున ఏటేటా వెనుకకు తిరగడము మన హిందూ మహాసముద్రపు ప్రత్యేకత.

పైనీటిని నెట్టేది గాలి. భూభ్రమణము దానిని ఉత్తరార్ధగోళములో కుడికి, దక్షిణార్ధగోళములో ఎడమకు మళ్లిస్తుంది. అడ్డువచ్చిన నేల తిప్పుతుంది. అడుగున నడిచేది వేరు. ఉత్తర అట్లాంటికులో చల్లబడి, ఉప్పుచేత బరువెక్కిన నీరు మునిగి, లోకము చుట్టిరావడానికి సుమారు వేయి సంవత్సరములు పడుతుంది. (ఆఫీసు ఫైలు అంతకన్న కొంచెము చురుకే!)

2025 మే 25న కొచ్చికి దూరాన ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ 640 కంటెయినర్లతో మునిగింది. అందులోని ప్లాస్టిక్ గుళికలు కొద్ది రోజులలోనే కన్యాకుమారి జిల్లా ఒడ్డుకు కొట్టుకొనివచ్చినవి. ఆ ఋతువులో పడమటి తీరపు ప్రవాహము దక్షిణమునకే పారుతుంది. మార్గశిర పుష్యములలో అదే ప్రవాహము ఉత్తరమునకు మళ్లుతుంది; ఓడ అప్పుడు మునిగియుంటే, ఇసుకలో గుళికలు ఏరుకొనే పని మంగుళూరు వైపు వారికి ఎక్కువగా పడియుండేది.