ఎడబాటు బెంగ

"పిల్లవాడు బెంగ పెట్టుకొన్నాడు" అను మాట మన యిండ్లలో క్రొత్తది కాదు. తల్లి ఊరికి పోయిన మఱునాడు బిడ్డకు ఒళ్లు వెచ్చబడినను, అన్నము ముట్టకున్నను, అవ్వ మొదట అనునది ఆ మాటయే. దిష్టి తీయుదురు, గుడికో దర్గాకో తీసికొనిపోయి తాయెత్తు కట్టింతురు. అందులకు మేము అడ్డు చెప్పము. ఐతే ఆ బెంగ వారములు గడచినను తగ్గనిచో దానికి వైద్యము కలదనియు, ఆ వైద్యములో చాల భాగము నేడు ఇల్లు కదలకయే దొరకుననియు చెప్పుటకే ఈ ప్రసంగము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును బెంగుళూరు–గుంతకల్లు రైలుమార్గము మీదనే యున్నవి. హిందూపురమునుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. వాన తప్పిన యేట పనికై ఆ నగరమునకు పోవువారు పసివారిని అవ్వతాతలయొద్ద విడుచుట ఈ సీమలో పరిపాటి. పెనుకొండ మండలమందలి ఎఱ్ఱమంచివద్ద 2019లో కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించిన పిదప, ఆ చుట్టుపట్ల షిఫ్టు వేళలు కొన్ని యిండ్ల దినచర్యనే మార్చినవి. హిందూపురపు దుస్తుల ఫ్యాక్టరీలకు పోవు తల్లులు బిడ్డ నిదుర లేవకముందే ఇల్లు విడుతురు.

ధర్మవరములో కథ వేరు. అచట పట్టుచీరలు నేయు ఇంటిలో తల్లిదండ్రులు ఎక్కడికిని పోరు. మగ్గము ఇంటిలోనే, బిడ్డ ఆ చప్పుడు వినుచు ఆడుకొనును, వినుచు నిదురించును. అట్టి బిడ్డకు బడిలో చేరిన మొదటి దినమే జీవితములో మొదటి ఎడబాటు కావచ్చును. దూరమెంత యనునది ముఖ్యము కాదు. వీధి చివరి బడియు ఒకొక్క బిడ్డకు బెంగుళూరంత దూరమే.

ఇందు సహజమైనది ఏది, వ్యాధి ఏది? ఆఱు ఎనిమిది నెలల వయస్సున బిడ్డ తల్లిని ఇతరులనుండి వేఱుగా గుర్తెఱిగి, ఆమె కనుమఱుగైన ఏడ్చుట మొదలిడును. ఏడాది యేడాదిన్నర ప్రాయమున ఇది హెచ్చుగా నుండి, మూడేండ్లకు సాధారణముగా సడలును. అది ఆరోగ్యలక్షణము. ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో, పసితనమున తల్లి సాన్నిధ్యము ఆహారమువలెనే అవసరమని వాదించెను. మఱుసటి యేట ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఒంటరిగా నుంచబడిన రెండేండ్ల బాలికను చలనచిత్రముగా తీసి చూపెను. ఆనాడు ఇంగ్లండు ఆసుపత్రులలో తల్లిదండ్రులు బిడ్డను చూచుటకు గడియలు లెక్కించి అనుమతించెడివారు. 1959లో ప్లాట్ కమిటీ ఆ కట్టడి సడలింపవలెనని సిఫారసు చేసెను. బిడ్డ మంచము ప్రక్కనే చాప వేసికొని పండుకొను మన తల్లులకు ఇది వింతగా తోచవచ్చును!

బడి వయస్సు వచ్చిన పిమ్మటను ఈ భయము నాలుగు వారములు విడువక యుండి, చదువును, నిదురను, ఆటను చెఱచుచున్నచో వైద్యులు దానిని వ్యాధిగా ఎంచుదురు. సోమవారము ఉదయమున కడుపునొప్పి, ఆదివారము లేదు. అమ్మకు ఏదో అగునను తలపు, ఎడబాటును గూర్చిన పీడకలలు, ఒంటరిగా పండుకొనజాలకుండుట, ఇవి గుఱుతులు. కడుపునొప్పి నటన యని కొట్టుట తప్పు. ఆ నొప్పి నిజమే. ముందు సాధారణ వైద్యునికి చూపి, శరీరములో దోషము లేదని తేల్చుకొనవలెను. ఈ జబ్బు పెద్దలకును రావచ్చును. అమెరికా మానసిక వైద్యసంఘము 2013 నాటి వర్గీకరణములో, ఇది పదునెనిమిదేండ్లలోపుననే ఆరంభము కావలెనను నియమమును తొలగించినది. పెద్దలకు గడువు సాధారణముగా ఆఱు మాసములు. హాస్టలుకు పంపిన కొడుకు ఫోను ఎత్తకున్న గుండె జాఱిపోవు తల్లి ఎవరికి తెలియదు?

చికిత్సకు మూలమైన ఉపాయము సులభము, ఆచరణము కష్టము. బిడ్డ ఏడ్చిన ప్రతిసారి బడినుండి వెనుకకు తెచ్చినచో, పాఱిపోవుటయే తనను కాపాడెనని అతడు నేర్చుకొనును. కావున తల్లి మొదట వాకిటివఱకు పోయి రెండు నిమిషములలో తిరిగి రావలెను, అది అలవాటైన పిదప వీధి మలుపువఱకు, ఆపైన సంతకు. భయము ఎగసి తనంతట తానే దిగునని బిడ్డ అనుభవమువలన తెలిసికొనును. నిదురించుచుండగా చెప్పక పోవుట మాత్రము వలదు. మా యిండ్లలోను ఆ పని జరిగినది. తరువాత నెలలపాటు బిడ్డ కొంగు విడువలేదు.

2008లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, ఇట్టి ఆందోళన వ్యాధులు గల 488 మంది బాలబాలికలను పరీక్షించిరి. ఆలోచనను నడవడిని దిద్దు చికిత్సవలన నూటికి 60 మందికిని, సెర్ట్రలీన్ అను మందువలన 55 మందికిని, రెండింటివలన 81 మందికిని మేలు కలిగెను. ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో 24 మందికి మాత్రమే. మందు అవసరమో కాదో వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇక దూరవైద్యము. 2020 మార్చిలో భారత ప్రభుత్వము ఫోను, వీడియోల ద్వారా వైద్యము చేయుటకు నియమావళిని ప్రకటించెను. దాని ప్రకారము 16 ఏండ్లలోపు బిడ్డతో పెద్దవారొకరు ఉండితీరవలెను. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ సేవ ఆరంభమైనది. బెంగుళూరులోని నిమ్హాన్స్ దీనికి కేంద్రస్థానము. 14416 అను సంఖ్యకు పగలు రాత్రి ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును. మొదట సలహాదారు వినును. అవసరమైన నిపుణునికి అప్పగించును. వెలయిచ్చి ఇతరచోట్ల చేరదలచినవారు వైద్యుని రిజిస్ట్రేషను సంఖ్యను, చికిత్సా మనస్తత్వ నిపుణుడైనచో పునరావాస మండలి నమోదును అడుగుటకు సంకోచింపరాదు.

ఈ పద్ధతికి ఒక విశేషము కలదు. ఆసుపత్రి గదిలో తల్లి ప్రక్కనే యున్న బిడ్డ భయము బయటపడదు; అది పుట్టుచోటు ఇంటి గడప. వీడియోలో నిపుణుడు ఆ గడపనే చూడగలడు. ఐదేండ్ల బిడ్డ ఫోను ముందు కుదురుగా కూర్చుండదు, కూర్చుండనక్కఱయు లేదు. సంభాషణ ముఖ్యముగా తల్లిదండ్రులతోడనే. అవ్వయొద్ద పెరుగు బిడ్డ విషయములో అవ్వయు, నగరములోనున్న తల్లియు ఒకే వేళ మాటలో చేరవచ్చును. ఒంటిగది ఇంటిలో గుట్టు దక్కుట కష్టము. చెవిలో పెట్టుకొను ఫోనుతో మిద్దెపైకి పోవుట మేలు. ఐతే బిడ్డ చావును గూర్చి మాటాడినను, తిండి పూర్తిగా మానినను, నిర్ణీత వేళకై వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఫోను చేయుటకు ముందు ఒక కాగితముపై ఇవి వ్రాసికొనుడు: బెంగ ఎన్నడు మొదలైనది, ఆ దినములలో ఇంట ఏమి మార్పు జరిగినది, బడి ఎన్ని దినములు తప్పినది, రాత్రి ఎవరి ప్రక్కన పండుకొనును. ఊరికి పోవలసిన తల్లి "బేస్తవారము వత్తును" అనుటకంటె "మూడు రాత్రులు పండుకొని లేచిన తరువాత వత్తును" అనుట బిడ్డకు బోధపడును. ఆ నాలుగవ ఉదయమున రైలు తప్పినచో, ఫోను చేసి ఆ మాట బిడ్డతోనే చెప్పవలెను.