లిథియం బ్యాటరీకి సోలార్ కంట్రోలర్ అమరిక: పాల సంఘాలు గమనించవలసిన విషయాలు

పాల సేకరణ కేంద్రంలో తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం, కంప్యూటరు – ఈ మూడింటి మీదనే సభ్యునికి రావలసిన డబ్బు ఆధారపడి ఉన్నది. పోసిన పాలు ఎన్ని, వెన్న ఎంత, వెన్నేతర ఘన పదార్థాలు ఎంత అన్నది అవే చెబుతాయి. సేకరణ మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా ఆగిపోతే, వరుసలో మిగిలినవారి పాలకు అంచనాగా వెన్నశాతం రాయవలసి వస్తుంది. నష్టపోయేది పాలు పోసిన రైతే. అందుచేత సోలార్ పలకలు పెట్టుకున్న సంఘాలకు, ముఖ్యంగా పాత యాసిడ్ బ్యాటరీ తీసి లిథియం బ్యాటరీ పెట్టుకున్న సంఘాలకు, కొన్ని వివరాలు ఇక్కడ ఇస్తున్నాము.

సోలార్ పనులకు ఎక్కువగా వాడే లిథియం బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానిది. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు అంచున ఉన్న జల్‌పల్లి ప్రాంతం వారికి ఇది దూరపు సంగతి కాదు. ఆ పక్కనే బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఈ పదార్థాన్ని మన దేశంలోనే తయారుచేసే పద్ధతి మీద పనిచేసింది. అక్కడికి దక్షిణంగా, రావిర్యాలలో విజయ మెగా డెయిరీ 2023లో ప్రారంభమైంది.

ఎంత బ్యాటరీ కావాలి?

జల్‌పల్లి వంటి చోట ఒక చిన్న సేకరణ కేంద్రం ఉన్నదనుకుందాము. పాల పరీక్ష యంత్రానికి 50 వాట్లు, కంప్యూటరు, ప్రింటరుకు 100, తూకానికి 10, రెండు దీపాలకు 20, మొత్తం 180 వాట్లు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పనిచేస్తే రోజుకు 720 వాట్ అవర్లు. ఇన్వర్టరులో పోయేది కలుపుకుంటే సుమారు 850. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. అందులో 80 శాతం వాడుకున్నా ఒక రోజు గడుస్తుంది. మబ్బు రోజులను కూడా దృష్టిలో పెట్టుకుని 330 వాట్ల పలక, 30 ఆంపియర్ల కంట్రోలర్ పెట్టుకోవడం మంచిది. పాలను 4 డిగ్రీలకు చల్లబరిచే బల్క్ కూలర్‌ను ఈ బ్యాటరీతో నడపలేము. దానికి వేరే ఏర్పాటు ఉండాలి.

కంట్రోలర్ చేసే పని

పలక నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి తగిన వోల్టేజికి తెచ్చి అందించేది ఛార్జి కంట్రోలర్. బ్యాటరీ ఏ రకానిదో చాలా కంట్రోలర్లు తమంతట తాము తెలుసుకోలేవు. మనం ఏ రకమని చెబితే ఆ రకంగానే ఛార్జి చేస్తాయి. యాసిడ్ బ్యాటరీ తీసి, పాత అమరిక అలాగే ఉంచి లిథియం బ్యాటరీ బిగిస్తే చిక్కు అక్కడే వస్తుంది.

యాసిడ్ బ్యాటరీకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజి ఇచ్చి లోపలి ఆమ్లాన్ని కలియబెట్టాలి. దీనినే ఈక్వలైజేషన్ అంటారు. అప్పుడు వోల్టేజి 14.8 దాటవచ్చు. లిథియం బ్యాటరీలో కలియబెట్టవలసిన ఆమ్లమే లేదు. దాని నాలుగు సెల్లులలో ఒక్కొక్కటి 3.65 వోల్టులు, అంటే మొత్తం 14.6 వోల్టులు మించరాదు. మించితే లోపలున్న బి.ఎం.ఎస్. అనే రక్షణ సర్క్యూటు బ్యాటరీని విడదీస్తుంది. ఎండలో పలక పనిచేస్తుండగా అలా విడిపోతే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి, తగిలించి ఉన్న యంత్రాలు దెబ్బతినే ప్రమాదమున్నది. బి.ఎం.ఎస్. ఆఖరి రక్షణ మాత్రమే. రోజూ దాని మీద ఆధారపడరాదు.

అమర్చవలసిన అంకెలు

బ్యాటరీతో ఇచ్చిన కాగితంలోని అంకెలే ప్రమాణం. సాధారణంగా 12.8 వోల్టుల బ్యాటరీకి ఇవి సరిపోతాయి:

1. బ్యాటరీ రకం: లిథియం. ఆ రకం లేకపోతే 'యూజర్' ఎంచుకోవాలి.
2. వ్యవస్థ వోల్టేజి: 12 అని చేతితో ఎంచుకోవాలి.
3. బూస్ట్ వోల్టేజి: 14.2.
4. బూస్ట్ వ్యవధి: అరగంట చాలు.
5. ఫ్లోట్: 13.5.
6. ఈక్వలైజేషన్: పూర్తిగా ఆపివేయాలి. ఆపే వీలు లేకపోతే 14.2కే పరిమితం చేయాలి.
7. ఉష్ణోగ్రత సర్దుబాటు: సున్నా.
8. లోడు ఆగవలసిన వోల్టేజి: 12.0. తిరిగి ఇవ్వవలసినది: 13.0.

24 వోల్టుల బ్యాంకుకు ఈ వోల్టేజి అంకెలన్నింటినీ రెండింతలు, 48 వోల్టులదానికి నాలుగింతలు చేయాలి.

ఏడవ అంశాన్ని చాలామంది పట్టించుకోరు. యాసిడ్ బ్యాటరీ అమరికలో వేడి పెరిగేకొద్దీ కంట్రోలర్ వోల్టేజిని తగ్గిస్తుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కొక్క డిగ్రీకి 0.024 వోల్టు తగ్గించే అమరిక ఉన్నదనుకోండి. వేసవిలో రేకుల కింద కంట్రోలర్ 50 డిగ్రీలకు వేడెక్కితే 0.6 వోల్టు తగ్గి, 14.4 కాస్తా 13.8 అవుతుంది. ఛార్జి ముందే నెమ్మదించి, బ్యాటరీ నిండడానికీ, సెల్లులు ఒకదానితో ఒకటి సమం కావడానికీ వ్యవధి చాలదు. చలికాలంలో 15 డిగ్రీల వద్ద అదే అమరిక 14.64కు ఎక్కి, పరిమితిని దాటుతుంది. అందుకే సున్నా చేయాలి.

ఇన్వర్టరును కంట్రోలర్ లోడు టెర్మినళ్లకు కాక, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకే కలపాలి. అలా కలిపినప్పుడు ఎనిమిదవ అంశంలోని కాపుదల దానికి వర్తించదు. ఇన్వర్టరు సాధారణంగా 10.5 వోల్టుల దాకా నడుస్తుంది. లిథియం బ్యాటరీకి ఇది మరీ లోతు. ఇన్వర్టరులోనే ఆ పరిమితిని 12.0కు పెంచుకోవాలి.

బిగించే వరుస

మొదట బ్యాటరీని కంట్రోలర్‌కు కలిపి, అంకెలు అమర్చి, ఆ తర్వాతనే పలకను కలపాలి. తీసేటప్పుడు పలకను ముందు తీయాలి. బ్యాటరీని విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ అంకెలు చూసుకోవాలి. కొన్ని కంట్రోలర్లు మొదటి అమరికకు తిరిగిపోతాయి. బ్యాటరీని గాలి ఆడే నీడలో ఉంచాలి. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీని చాలా రకాలలో ఛార్జి చేయరాదు.

మీటరు అంకె చూసి మోసపోవద్దు

యాసిడ్ బ్యాటరీలో 12.7 వోల్టులు అంటే నిండినట్లు. ఆ అలవాటుతో లిథియం బ్యాటరీ 12.8 చూపగానే నిండిందనుకుంటే పొరపాటు. అప్పటికి అది దాదాపు ఖాళీ అయినట్లే. సగం ఛార్జి ఉన్నప్పుడు 13.1, 13.2 దగ్గర ఉంటుంది. మధ్యలో ఎంత వాడినా ఈ అంకె పెద్దగా కదలదు. కాబట్టి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఆంపియర్ అవర్లలో లెక్కించే మీటరు ఉంటే మేలు.

సంఘం చేయవలసినది

బిగించినవారు వెళ్లకముందే కార్యదర్శి, టెస్టర్ దగ్గరుండి పైన చెప్పిన అంకెలను ఒక్కొక్కటిగా తెర మీద చూపించుకోవాలి. వాటిని ఒక అట్ట మీద రాసి కంట్రోలర్ పక్కనే తగిలించాలి. నకలు ఒకటి సంఘం దస్త్రంలో ఉంచాలి. బాగా ఎండ ఉన్న రోజున మధ్యాహ్నం బ్యాటరీ టెర్మినళ్ల వద్ద మల్టీమీటరుతో కొలవాలి. 14.2 దాటి పోతున్నా, ఎండ ఉన్నన్నాళ్లూ ఒక్కరోజైనా 14.2 చేరకపోయినా, అమరికను తిరిగి చూడవలసిందే. వేసవి మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి ఈ పరీక్ష జరిపి, ఫలితాన్ని పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించాలి. బ్యాటరీ సంఘం సొమ్ముతో కొన్నది కనుక, ఈ లెక్క అడిగే హక్కు పాలు పోసే ప్రతి సభ్యునికీ ఉన్నదని మనవి.