షట్ డౌన్

మూయడమనే అర్థమున్న ‘షట్’కు ‘డౌన్’ చేరి ఏర్పడిన ఈ ఆంగ్ల పదబంధ క్రియ, తలుపు మూయడం వంటి చిన్న పనికి కాక, నడుస్తున్న యంత్రాన్నో కర్మాగారాన్నో వ్యవస్థనో ఆపివేయడానికి వాడుకలో ఉంది. క్రియగా రెండు మాటలుగా రాసే దీన్ని నామవాచకమైనప్పుడు ఒకే మాటగా కలిపి రాస్తారు. కంప్యూటర్‌ను షట్ డౌన్ చేయడమంటే తెరిచి ఉన్న ప్రోగ్రాములను ముగించిన తరువాతనే విద్యుత్తును ఆపడం కనుక, ప్లగ్గు పీకివేయడాన్ని ఈ మాటతో చెప్పడం సరికాదు.

వార్తల్లో ఈ పదం ఎక్కువగా వినిపించేది అమెరికా ప్రభుత్వం విషయంలో. అక్కడ ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబరు 1 నాటికి పార్లమెంటు వంటి కాంగ్రెస్ నిధులు మంజూరు చేయకపోతే, అనుమతి లేని ఖర్చును నిషేధించే పాత చట్టాన్ని 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి కఠినంగా వ్యాఖ్యానించినప్పటి నుంచి, అత్యవసరం కాని కార్యాలయాలు ఆగిపోవలసి వస్తోంది. 2018-19లో 35 రోజులు, 2025లో 43 రోజులు ఈ స్థితి కొనసాగింది. దీన్ని ‘మూత’ అనడం కంటే ‘స్తంభన’ అనడమే మేలు, ఎందుకంటే మూతపడిందంటే మళ్లీ తెరవరనే ధ్వని తెలుగులో బలంగా ఉంది. పైగా అమెరికాలో అన్ని పనులూ ఆగిపోలేదు; విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులు ఆ స్తంభన రోజుల్లోనూ జీతం అందకుండానే విధుల్లో కొనసాగారు.