మంగుకు మందే గాని మేనిచాయకు కాదు

మంగుమచ్చలకని వైద్యుడు ఒకరికి రాసియిచ్చిన ట్యూబు ఇంటిల్లిపాదికీ ముఖలేపనంగా మారడం మనదేశంలో కొత్త కాదు. మందుల దుకాణంలో పాత చీటీ, ఒక్కొక్కచోట ఖాళీ ట్యూబు చూపినా సరే, కొత్తది చేతికి వస్తున్నది. అటువంటి ట్యూబులలో తరచుగా వుండే మందు హైడ్రోక్వినోన్.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైము అవసరం. హైడ్రోక్వినోన్ ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది. అంటే వున్న రంగును కడిగివేయదు, కొత్త రంగు పుట్టుకను తగ్గిస్తుంది. కనుకనే ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. మందు మాని ఎండలో తిరిగితే మచ్చ మళ్లీ తేలుతుంది. ఈ జాప్యాన్ని ఓర్చుకోలేనివారు పూత పెంచుతారు, లేదా స్టెరాయిడ్ కలిసిన మిశ్రమానికి మళ్లుతారు.

హైడ్రోక్వినోన్‌కు ట్రెటినాయిన్‌ను, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను జోడించిన మిశ్రమాన్ని అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు 1975లో ప్రతిపాదించారు. ఫెయిర్ అండ్ లవ్లీ భారత విపణిలో అడుగుపెట్టినదీ ఆ ఏడాదే. ఆ క్రీముకూ ఈ మందుకూ సంబంధం లేదు గాని, తెల్లదనంపై మోజు రెండింటికీ గిరాకీ తెచ్చింది. మిశ్రమంలోని స్టెరాయిడ్ తొలిరోజులలో ముఖానికి నిగారింపు తెస్తుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడి నెత్తురు నాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానగానే ముఖం ఎర్రబడి మండుతుంది. ఆ మంటకు తాళలేక బాధితులు తిరిగి అదే ట్యూబును ఆశ్రయిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చి, చీటీ లేనిదే అమ్మరాదని ఆదేశించింది. దుకాణాలలో ఆ ఆదేశం ఎంతమేరకు అమలవుతున్నదో వినియోగదారులకు తెలియనిది కాదు.

స్టెరాయిడ్ లేకుండా హైడ్రోక్వినోన్ ఒక్కదానినే వాడినా హద్దు వున్నది. ఏళ్ల తరబడి పూసినవారిలో నీలినలుపు మచ్చలు ఏర్పడవచ్చు. దీనిని ఓక్రనోసిస్ అంటారు, నయం చేయడం బహు కష్టం. సౌందర్యసాధనాలలో ఈ పదార్థాన్ని దక్షిణాఫ్రికా 1990లోనే నిషేధించింది.

వైద్యుడు సూచించినప్పుడు సైతం ముందుగా ముంజేతిపై కొద్దిగా పూసి ఒకరోజు వేచి చూడాలి. రాత్రివేళ, మచ్చ వున్నమేరకే, పలుచగా రాయాలి. పగలు సన్‌స్క్రీన్, గొడుగు తప్పనిసరి. ఎండకు కాపు లేకపోతే రాత్రి పూసినదంతా వృథా. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్‌ను దీనితో కలిపి పూస్తే చర్మంపై తాత్కాలికంగా మరకలు పడతాయి. గర్భిణులు దీని జోలికి పోరాదు. మూడు నెలలలో మార్పు కానరాకపోతే మందు ఆపి తిరిగి వైద్యుని సంప్రతించాలి.