ఈసుడు రోగము: దొడ్డినుండి ఇంటిలోనికి

పాడిపశువు గల యింట లక్ష్మి నిలుచునని మన పెద్దల విశ్వాసము. చూడి ఆవుకు ఏడవ నెల నిండినది మొదలు ఇంటిల్లిపాదియు దూడకై, పాలకై ఎదురుచూచుచుందురు. అట్టి వేళ ఒకనాటి తెల్లవారుజామున దొడ్డిలో చచ్చిన దూడ పడియుండును. మాయ పడియుండదు. యజమాని పంచె ఎగగట్టి, ఉత్త చేతులతో మాయను లాగివేయును. ఇల్లాలు నేలను ఊడ్చి కడుగును. బయట పారవేసిన మాయను కుక్కలు ఈడ్చుకొనిపోవును. కొన్ని వారములు గడచిన పిమ్మట యజమానికి జ్వరము తగులును. ఆ జ్వరమునకును, ఆనాటి దూడకును సంబంధము గలదని ఆ యింట ఎవరికిని తోచదు.

ఆ సంబంధము నిజముగా కలదు. పశువులు నెలలు నిండకయే ఈసుకొనిపోవుటకు గల కారణములలో ముఖ్యమైనది బ్రూసెల్లా అను సూక్ష్మజీవి. దానివలన కలుగు వ్యాధిని వైద్యులు బ్రూసెల్లోసిస్ అందురు. పల్లెలలో ఈసుడు రోగమందురు. ఈ సూక్ష్మజీవి జాతులలో ఒకటి ఆవులను, గేదెలను, మరియొకటి మేకలను, గొఱ్ఱెలను, ఇంకొకటి పందులను ప్రధానముగా ఆశ్రయించును. ఈ మూడును మనుష్యునకు సోకగలవు.

మాల్టా ద్వీపపు మేకలు

ఈ రహస్యము బయటపడిన విధము తెలిసికొనదగినది. మధ్యధరా సముద్రమునందలి మాల్టా ద్వీపములో బ్రిటిషు సైనికులు ఒక విధమైన దీర్ఘజ్వరముతో మంచముపట్టుచుండిరి. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు, ఆ జ్వరముతో మరణించినవారి ప్లీహమునుండి రోగకారకమైన సూక్ష్మజీవిని వేరుచేసెను. కాని అది మనుష్యునిలోనికి ఏ మార్గమున ప్రవేశించుచున్నదో మరి పదునెనిమిది సంవత్సరముల వరకు తెలియలేదు. 1905లో ఆ ద్వీపవాసియే యగు వైద్యుడు థెమిస్టోక్లిస్ జామిట్ మేకల రక్తమును పరీక్షించి, రోగము వాటియందు గలదని కనుగొనెను. ఆ మేకలు ఇంటింటి ముంగిటికి తోలుకొనివచ్చి పాలు పితుకబడునవి. చూపునకు పూర్తిగా ఆరోగ్యముగానే యుండునవి. 1906లో సైనికులకు మేకపాలు ఇచ్చుట మానిపించగా, జ్వరపీడితుల సంఖ్య వెంటనే పడిపోయినది.

మాల్టా నేర్పిన పాఠము ఒక్కటే: పశువు ఆరోగ్యముగా కనబడినంత మాత్రమున రోగము లేదని నమ్మరాదు. ఒకమారు ఈసుకొనిపోయిన ఆవు మరుసటి చూలున నెలలు నిండి ఈనవచ్చును. దూడయు బ్రతుకవచ్చును. అయినను రోగజీవులు ఆ ఆవు పాలలోను, ఈనినపుడు వెడలు మాయలోను, స్రావములలోను వెలువడుచునే యుండగలవు.

రోగము ప్రవేశించు ద్వారములు

మొదటి ద్వారము ఉత్త చేయి. ఈసుకొనిపోయిన పశువు మాయలోను, ఉమ్మనీటిలోను ఈ సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా నుండును. చేతిమీది చిన్న గీత చాలును, అవి శరీరములోనికి చొచ్చుటకు. కంటిలో పడిన తుంపరవలనను, ఊపిరితోను కూడ సోకవచ్చును. ఎండ సోకని తడినేలపై, పేడలో అవి వారములకొలది బ్రతికియుండును.

రెండవ ద్వారము పచ్చిపాలు. పొదుగునుండి పితికిన గుమ్మపాలు బలమునిచ్చునని పలువురి నమ్మకము. పచ్చి మేకపాలు పిల్లలకు పట్టించువారును కలరు. అదృష్టవశమున పాలు కాచి త్రాగుట మన గృహములలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. పొంగువచ్చునట్లు కాచిన పాలలో ఈ సూక్ష్మజీవి బ్రతుకజాలదు. కాచని పాలను తోడుపెట్టినచో మాత్రము ఆ రక్షణ లేదు.

మనుష్యులలో వ్యాధి లక్షణములు

సామాన్యముగా ఒకటినుండి నాలుగు వారములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలల పిమ్మట వ్యాధి బయటపడును. జ్వరము వచ్చుచు, తగ్గుచు, మరల వచ్చుచుండును. రాత్రులు బట్టలు తడియునట్లు చెమట పట్టును. నడుమునొప్పి, కీళ్ళనొప్పులు, మిక్కుటమైన నీరసము బాధించును. పురుషులలో వృషణములు వాచుటయు, గర్భవతులకు గర్భస్రావమగుటయు కలదు. ఈ వ్యాధివలన మరణించువారు అరుదు. కాని నాగలి పట్టవలసినవాడు నెలలతరబడి అరుగుమీద కూలబడును. చూచువారు సోమరితనమని తలతురు.

మలేరియా, టైఫాయిడు, క్షయ వంటి జ్వరములని పొరబడుట సులభము. కావున జ్వరపీడితుడు తన దొడ్డిలో పశువు ఈసుకొనిపోయిన సంగతిని వైద్యునకు తానుగా చెప్పవలెను. ఆ ఒక్క మాటవలన తగిన రక్తపరీక్ష జరుగును. సాధారణముగా రెండు మందులను కలిపి, ఆరు వారములకు తక్కువ కాకుండ వాడవలసియుండును. జ్వరము తగ్గినదని నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టును.

సంతకు తోలుట పరిష్కారము కాదు

ఈసుకొనిపోయిన పశువును వెంటనే సంతకు తోలి, ఉన్న సంగతి దాచి అమ్మివేయుట కలదు. చూలు పోయి, పాలు పోయి, అప్పు మిగిలిన రైతునకు మరియొక దారి తోచకపోవుట సహజమే. అయినను ఆ పశువుతో పాటు రోగము మరియొక దొడ్డికి చేరును. కొన్నవాని బిడ్డలు ఆ పాలు త్రాగుదురు. నేడు అమ్మినవాడే రేపు అట్టి పశువును తెలియక కొనవచ్చును. కావున పశువైద్యునిచే రక్తపరీక్ష చేయించి, ఫలితము తెలియువరకు పశువును వేరుగా కట్టుటయే ధర్మము, క్షేమమును.

చేయదగిన పనులు

పశువులలో ఈ రోగమును కుదుర్చుటకు నమ్మదగిన చికిత్స లేదు, నివారణమే శరణ్యము. నాలుగు నెలలు నిండి ఎనిమిది నెలలు దాటని పెయ్యదూడలకు ఒక్కమారు టీకా వేయించిన చాలును. కోడెదూడలకును, చూడిపశువులకును ఆ టీకా వేయరాదు. కేంద్రప్రభుత్వము 2019 సెప్టెంబరులో ఆరంభించిన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమములో గాలికుంటు రోగముతో పాటు ఈ రోగమును కూడ చేర్చినది. మనుష్యులకు మాత్రము వాడుకలో టీకా లేదు.

మాయను, చచ్చిన దూడను ముట్టువారు చేతులకు రబ్బరు తొడుగులు ధరించి, ముక్కును నోటిని కప్పుకొనవలెను. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గర్భవతులను, పిల్లలను ఆ దరికి రానీయరాదు. మాయను, దూడను కుక్కలు త్రవ్వలేనంత లోతు గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. నేలను బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడుగవలెను.

దూడకు వేయించిన టీకా, చేతికి తొడిగిన తొడుగు, పొయ్యిమీద పొంగిన పాలు: వీనికగు వ్యయము స్వల్పము. నెలలతరబడి మంచము విడువని జ్వరముతో పోల్చిన అది ఒక లెక్కలోనిది కాదు. దొడ్డి క్షేమముగా నున్నగాని ఇల్లు క్షేమముగా నుండదు.