గిర్ని బెల్టు ఎందుకు అరుస్తుంది?

సంక్రాంతి దాటింది. వరంగల్ జిల్లాలో కల్లాల నిండా మిరపకాయలే. ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాల బండ్లు కడుతున్నాయి. ఇక ఊరి గిర్నికి చేతి నిండా పని. ఏడాదికి సరిపడా కారం, పసుపు ఇప్పుడే పట్టించుకుంటారు.

అలాంటి రోజుల్లోనే గిర్నిలో 'కీ...' అని అరుపు మొదలవుతుంది.

"ఏందక్కా ఆ సప్పుడు?" అని కారం పట్టించడానికి వచ్చినామె అడుగుతుంది.

"బెల్టు అరుస్తున్నది చెల్లే. రెండు రోజుల సంది గిట్లనే ఉంది" అంటుంది గిర్ని నడిపే అక్క.

"జర నూనె రాయరాదక్కా!"

నూనె రాస్తే బెల్టు బాగుపడుతుందా? పడదు. ఇంకా చెడిపోతుంది. ఎందుకో తెలియాలంటే ముందు బెల్టు చేసే పని తెలియాలి.

బెల్టు చేసే పని

మోటారుకు ఒక చక్రం ఉంటుంది. గిర్నికి ఇంకో చక్రం ఉంటుంది. వీటిని పుల్లీలు అంటారు. మోటారు బలాన్ని గిర్ని పుల్లీకి అందించేది బెల్టు.

పుల్లీకి గాడి ఉంటుంది. గాడి పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. బెల్టు ఆకారం కూడా అంతే. అందుకే బెల్టు గాడిలో ఇరుక్కుని, రెండు పక్కలా గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుతోనే గిర్ని తిరుగుతుంది. ఇలాంటి రబ్బరు బెల్టును 1917లో అమెరికాలో జాన్ గేట్స్ అనే ఆయన తయారు చేశాడు. అంతకు ముందు యంత్రాలను తోలు పట్టాలు, తాళ్లు తిప్పేవి. కారు ఇంజనులోనూ, ట్రాక్టరులోనూ ఇలాంటి బెల్టే ఉంటుంది. అక్కడా అరుపుకు కారణాలు దాదాపు ఇవే.

అరుపు ఏం చెబుతుంది?

పట్టు తప్పితే బెల్టు జారుతుంది. జారేటప్పుడు అరుస్తుంది. వేడెక్కుతుంది. రబ్బరు కాలిన వాసన వస్తుంది. పిండి తక్కువ పడుతుంది. కరెంటు మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

నూనె రాస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గుగ్గిలం పొడి చల్లితే అరుపు కాసేపు ఆగవచ్చు. జబ్బు మాత్రం పోదు.

స్విచ్ వేయగానే అరిచినా, గింజలు ఎక్కువ పోస్తే అరిచినా బెల్టు వదులైందన్న మాట. లేదా అరిగిందన్న మాట.

ఆగకుండా కిచకిచమంటే రెండు పుల్లీలు ఒకే వరుసలో లేవేమో చూడాలి.

టప్ టప్ అని ఒకే లెక్కన కొడితే బెల్టు ఒకచోట చిరిగి ఉండవచ్చు.

గరగరమంటే బేరింగులు అరిగి ఉండవచ్చు.

ముందు గిర్ని బంద్

సప్పుడు ఏదైనా సరే, గిర్ని తిరుగుతుండగా వంగి చూడరాదు. చీర కొంగు గానీ, జడ గానీ, చున్నీ గానీ దొరికితే బెల్టు రెప్పపాటులో లాక్కుంటుంది. చేయి పోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. తిరిగే యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. చిన్న గిర్నికైనా బెల్టు చుట్టూ ఇనుప జాలి ఉండాలి.

కరెంటు పోయింది కదా అని బెల్టు మీద చేయి వేయరాదు. కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వస్తే గిర్ని దానంతట అదే తిరగవచ్చు. అందుకే మెయిన్ స్విచ్ బంద్ చేయాలి. ఫ్యూజులు తీసి తన దగ్గరే పెట్టుకోవాలి. చక్రాలు పూర్తిగా ఆగాకే జాలి విప్పాలి.

చూసి తెలుసుకోవాలి

బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయా? లోపలి వైపు పగుళ్లు ఉన్నాయా? దారాలు బయటికి వచ్చాయా? గాడిలో మరీ లోపలికి దిగిపోయిందా? వీటిలో ఏది ఉన్నా బెల్టు మార్చాలి.

బెల్టు బాగానే ఉండి, వదులుగా ఉంటే బిగిస్తే చాలు. కొత్తది కొనే పని లేదు.

గరగర సప్పుడు ఉంటే బెల్టు తీసి, గిర్ని పుల్లీని చేత్తో తిప్పాలి. గరుకుగా తిరిగితే గిర్ని బేరింగు చెడింది. తరువాత చేతులు తీసి, దూరంగా నిలబడి, మోటారును ఒక్క నిమిషం నడపాలి. అప్పుడూ సప్పుడు ఉంటే లోపం మోటారులో ఉంది. దానికి మెకానిక్కును పిలవాలి. మళ్లీ కరెంటు బంద్ చేశాకే దగ్గరికి పోవాలి.

కొత్త బెల్టు వేయడం

పాత బెల్టు మీద ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె ఉంటాయి. 'బి 72' అని ఉంటే 'బి' అనేది బెల్టు మందం, వెడల్పు చెబుతుంది. బి రకం బెల్టు పైన 17 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 72 అంటే పొడవు 72 అంగుళాలు. అక్షరం చదవరాకపోతే, చూసి అలాగే కాగితం మీద గీసుకోవాలి.

మోటారు కింది బోల్టులు వదులు చేసి, మోటారును గిర్ని వైపు జరపాలి. పాత బెల్టు తీసి, గాడులు గుడ్డతో తుడిచి, కొత్తది వేయాలి. రాడుతో పొడిచి ఎక్కించరాదు. లోపలి దారాలు తెగుతాయి. రెండు మూడు బెల్టులు ఉంటే అన్నీ ఒకేసారి మార్చాలి. లేకపోతే భారమంతా కొత్తదాని మీదే పడుతుంది.

మోటారును వెనక్కి జరిపి బెల్టు బిగించాలి. ఒక దారం గట్టిగా పట్టి చూడాలి. రెండు పుల్లీల పక్క అంచులకూ అది సమంగా తగలాలి. రెండు పుల్లీల మధ్య రెండు అడుగుల దూరం ఉంటే, బెల్టును నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు త్వరగా అరుగుతాయి.

బోల్టులు బిగించి, జాలి పెట్టాకే ఫ్యూజులు పెట్టాలి. కొత్త బెల్టు కొంచెం సాగుతుంది. ఒక రోజు నడిచాక బిగువు మళ్లీ చూడాలి.

గిర్ని అక్క కాగితంతో దుకాణానికి పోయింది.

"ఏ బెల్టు కావాలమ్మా? పాతది తెచ్చినవా?" అని సేటు అడిగాడు.

"తెచ్చిన. నంబరు కూడా రాసుకొచ్చిన" అని కాగితం చూపింది.

సేటు ఇచ్చిన బెల్టును తిప్పి చూసింది. దాని మీద అంకె చదివింది. 68 అని ఉంది.

"ఇది కాదు సేటూ. నాకు 72 కావాలె" అంది.

సేటు మారుమాట్లాడకుండా ఇంకో బెల్టు తీశాడు.