ఉత్తరాల సంచికి విద్యుత్ రైలు

2019 మే 8న ప్రారంభమైన దోహా మెట్రోలో 76 కిలోమీటర్ల మార్గాలపై డ్రైవరు లేని విద్యుత్ రైళ్లు తిరుగుతున్నాయి. హమద్ విమానాశ్రయాన్ని అవి నగర మధ్యంలోని ముషైరెబ్‌తో కలుపుతాయి. కాని వాటిలో చోటు మనుషులకే. స్వదేశం నుండి విమానంలో వచ్చే ఆవకాయ పార్సెలును కూడ వాటికి అప్పగించరాదా?

శాస్త్రరీత్యా అభ్యంతరం లేదు. ఉక్కు పట్టాపై దొర్లే ఉక్కు చక్రానికి ఎదురయ్యే నిరోధం, రోడ్డుపై రబ్బరు టైరుకు ఎదురయ్యే దానికన్న ఎంతో తక్కువ. కనుక అదే బరువును స్వల్పశక్తితో లాగవచ్చును.

లండన్ తపాలాశాఖ 1927లోనే దీనిని ఆచరించి చూపింది. పాడింగ్టన్ నుండి వైట్‌చాపెల్ వరకు సుమారు 10.5 కిలోమీటర్ల సొరంగంలో, డ్రైవరు లేని చిన్న విద్యుత్ రైళ్లు ఉత్తరాల సంచులను చేరవేసేవి. వీధుల రద్దీ వాటికి అడ్డు కాలేదు. అయినను 2003లో ఆ మార్గం మూతపడింది. స్టేషన్లపైనున్న తపాలా కార్యాలయాలు క్రమంగా తరలిపోగా, 8 స్టేషన్లలో చివరకు 3 మాత్రమే వాడుకలో మిగిలాయి. రోడ్డు రవాణాయే చవక అని తపాలాసంస్థ తేల్చింది.

సంచిని దించుకొని ఇంటికి పంపే ఏర్పాటు స్టేషన్ వద్ద ఉన్నంతకాలమే ఆ రైలుకు విలువ ఉండినది. దోహాలో పార్సెళ్ల రైలును తలపెట్టేవారు ముందుగా చూసుకోవలసినది ఆ స్థలాన్నే.